ఏరు దాటిన పాట

మా అత్త పాట పోయింది. పోగొట్టింది నేను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే, తర్వాత గొప్పలు చెప్పుకునేటప్పుడు నోరు కాస్త అదుపులో ఉంటుంది.

నా పేరు మాణిక్యం. వినికిడి మీద పరిశోధన చేసిన డాక్టరును. మందులిచ్చే డాక్టరును కానని పలాసలో మా వీధి వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా వినరు కాబట్టి, చెవిపోటని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ఆస్పత్రికి పంపిస్తుంటాను. వారంలో నాలుగు రోజులు విశాఖలో ప్రయోగశాల, మూడు రోజులు పలాసలో కాపురం. మా ఆయన గోవిందు గూడ్సు రైలు గార్డు. అందుకని కాపురమంటే చాలామటుకు నేనూ మా అత్త దాలమ్మా.

అత్త ముప్ఫై ఏళ్ళుగా జీడి ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పప్పు విరగకుండా పైపొట్టు తీయడం ఆమె పని. అక్కడ వాళ్ళకొక పద్ధతి ఉంది. పొద్దున్నే నలభై మంది ఆడవాళ్ళు జీడి సొన అంటకుండా చేతులకు ఆముదం రాసుకుని వరసల్లో కూర్చుంటారు. అత్త ఒక పాటలో మొదటి చరణం మాత్రం ఎత్తుకుంటుంది. అది అయ్యేదాకా ఎవరూ పప్పు ముట్టుకోరు. జీడిపిక్కలు కొట్టే యంత్రాలు వచ్చాక కూడా ఆ ఒక్క చరణం మిగిలింది. ఆపరేటర్ అప్పారావు ఆ చరణం అయ్యాకే స్విచ్ వేస్తాడు. ఆ తర్వాత పక్క మనిషి అరిచినా వినపడదు. ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళు పెట్టుకుంటారు, ఎవరి పాట వాళ్ళు వింటారు.

ఇదే అత్తకు గిట్టలేదు.

“మునుపు ఒకలెత్తుకుంటే ఇంకొకలం వంత పాడీవోలం,” అంది ఒకరోజు. “ఇప్పుడు నా పక్కన కూకున్న నీలవేణి సెవిలో ఏటి మోగతందో నాకు తెల్దు. దాని పాటికది నవ్వుకుంతాది. ఎందుకే అంటే సేత్తో సైగ సేస్తాది. ఇరవయ్యేళ్ళ నేస్తం. అంత సదువు సదివినావు కదా, దీనికేటి నేదా?”

దీనికేటి ఉందో కనుక్కోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

దాని పేరు పాటగవ్వ. చెవి వెనక అంటించుకునే, గవ్వంత పరికరం. మనం పాట వింటున్నా, విన్న పాటను మనసులో తలుచుకున్నా మెదడులో ఒకచోట సన్నని కదలికలు పుడతాయి. గవ్వ వాటిని అందుకుని పక్కనున్నవాళ్ళ గవ్వకు పంపుతుంది. రెండుసార్లు తడితే ఇచ్చినట్టు, ఒకసారి తడితే పుచ్చుకున్నట్టు. వచ్చేది ఉత్త రాగం కాదు. ఇచ్చినవాళ్ళు ఎలా విన్నారో, వింటూ ఏం తలుచుకున్నారో, అదంతా కలిసి వస్తుంది. వచ్చిన పాటను గవ్వలో నిలవ చేసుకునే వీలు మాత్రం లేదు. ఎవరి పాటా దొంగలపాలు కాకూడదని మేమే అలా కట్టాం.

మొదటి నమూనా జతలో ఒక్కోటి కొబ్బరిచిప్పంత ఉండేది. బయటికి తీసుకెళ్ళకూడదన్న నియమం రాసింది నేనే. దాన్ని నా తోటి పరిశోధకుడు సాల్మన్ రాజుకు చెప్పకుండా సంచిలో వేసుకుని పలాస రైలెక్కిందీ నేనే.

ఆ ఆదివారం నేను ఇంకో తప్పు కూడా చేశాను. పక్కింటి పార్వతమ్మ మునక్కాయ కూర పంపింది. కూర వంచుకుని, గిన్నె కడిగి, తిరిగి ఇవ్వడానికి గడప దాటాను.

“ఒలే, ఆగు,” అంది అత్త. “ఖాళీ గిన్ని అట్టుకెళ్తన్నావేటి?”

“కడిగానత్తా.”

“కడిగితే సరిపోద్దేటి? ఖాళీ గిన్ని ఎలగిస్తావు? ఆ ఆడకూతురు ఏటనుకుంతాది?” లోపలికెళ్ళి గుప్పెడు బెల్లంముక్కలు తెచ్చి గిన్నెలో పోసింది. నేను హాస్టల్లో పెరిగినదాన్ని. నాకు పది నెలలప్పుడు మా అమ్మ పోయింది. గిన్నెలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళు నాకు పెళ్ళయ్యాకే తెలుసు.

గిన్నె ఇచ్చి వచ్చాక వంటింట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. చెరో చిప్ప చెవి వెనక కట్టుకున్నాం. “నీకు బాగా ఇష్టమైన పాట తలుచుకో,” అన్నాను. అత్త కళ్ళు మూసుకుని రెండుసార్లు తట్టింది.

బొంగురు గొంతు. నేనెన్నడూ వినని ఆడమనిషి గొంతు. దాని కింద నీళ్ళ చప్పుడు, తడిసిన నూలుచీర వాసన. ఎవరిదో భుజం నా చెంపకు ఆనుకుని, అడుగు వేసినప్పుడల్లా కదులుతోంది.

అడుగేసి అడుగేసి ఏరు దాటుదుము కూన
అద్దరిన మీ అయ్య ఆకేసి ఉన్నాడు
మోకాళ్ళ నీరాయె, మొలబంటి నీరాయె
మొయిలేమొ దిగివచ్చె, భయపడకు కూన
పీకలోతైతేను ఏటైతదే కూన
నా బుజము ఉన్నంత నీకేటి లోతు

అత్తవాళ్ళమ్మ పొలం నుంచి వస్తూ, కూతుర్ని భుజాన వేసుకుని ఏరు దాటుతూ పాడిన పాట. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరైనా ఎత్తుకుని పాడింది అదే మొదటిసారి. పరికరం పనిచేసిందని గంతులేయాల్సింది పోయి నేను వెక్కివెక్కి ఏడ్చాను.

“ఏటే, ఉల్లిపాయి గానీ కోసినావేటి?” అంది అత్త, నా మొహం తన కొంగుతో తుడుస్తూ.

అప్పటి నుంచి ప్రతి సోమవారం విశాఖ రైల్లో ఆ పాటను మనసులో తలుచుకుంటూ కూర్చునేదాన్ని. చివరి చరణం దగ్గర కళ్ళు మూసుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

గవ్వ చిన్నదయ్యాక, అనుమతులొచ్చాక, పరీక్ష జీడి ఫ్యాక్టరీలోనే పెట్టాం. కొలతలు శుభ్రంగా రావాలని నేనే ఏర్పాట్లు చేశాను. పది మందికి ఎర్రదారం కట్టిన గవ్వలు. అవి ఇవ్వడానికే. ముప్ఫై మందికి తెల్లదారం గవ్వలు. అవి పుచ్చుకోవడానికే. ఒక్కసారికి ఒక్క నిమిషం. ఎవరి గవ్వ వాళ్ళదే, మార్చుకోకూడదని కాగితం మీద రాసి సంతకాలు తీసుకున్నాను.

ఎర్రదారం గవ్వ పెట్టించుకుంటూ అత్త అడిగింది. “పుచ్చుకున్నోలు తిరిగి ఇవ్వకూడదేటి?”

“ఇవ్వకూడదత్తా. అది పరీక్ష.”

“ఇదెక్కడి మర్యాదే?”

నేను నవ్వేశాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొదటి నెల పండగే. యంత్రం రొద మధ్య ముప్ఫై మంది ఒకేసారి తల ఊపడం నేను కళ్ళారా చూశాను. పోలమ్మ, ఎర్రమ్మ అని ఇద్దరు తోడికోడళ్ళు, ఆరేళ్ళుగా మాటల్లేవు. ఎర్రమ్మ రోజూ వినేది తామిద్దరి పెళ్ళీ జరిగిన పందిట్లో వాయించిన సన్నాయి అని పోలమ్మకు గవ్వలో తెలిసింది. ఆ మధ్యాహ్నం పోలమ్మ తన క్యారేజీని ఎర్రమ్మ ముందుకు జరిపి, “తిను,” అంది. అంతే. ఎర్రమ్మ తింది. ఆ ఊపులో నీలవేణి తను ఎందుకు నవ్వుకుంటుందో కూడా అందరికీ చెప్పేసింది. ఆమె వినేవి హాస్యనాటికలు కావు, వాళ్ళాయన పాడి పంపిన పాటలు. ఆయన పాట అలా ఉండేది మరి.

ఎక్కువ గిరాకీ మాత్రం మా అత్త పాటకే. “దాలమ్మక్కా, నాకోపాలి. దాలమ్మక్కా, నాకూ.” ఆవిడ లేదనే మనిషి కాదు. నలభై రోజుల్లో మూడువందల సార్లకు పైగా ఇచ్చింది. నేను ఆ సంఖ్య చూసి మురిసిపోయి విశాఖకు నివేదిక పంపాను.

నలభై ఒకటో రోజు సోమవారం. ఆ పొద్దున నేను ఫ్యాక్టరీలోనే ఉన్నాను. అందరూ కూర్చున్నారు. అత్త గొంతు సవరించుకుంది.

“అడుగేసి అడుగేసి...” ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. “అడుగేసి...”

నీలవేణి మాట అందించింది. అత్త ఆ మాటలు పలికింది గానీ, బడిపిల్లలు ఎక్కం చదివినట్టుంది. సగంలో నోరు మూసుకుని నావైపు చూసింది.

“మాటలు తెలుస్తన్నాయే,” అంది నెమ్మదిగా. “మాయమ్మ గొంతు నేదు.”

అప్పారావు ఎంతసేపు చూసినా లాభం లేక స్విచ్ వేశాడు.

ఇంటికొచ్చి అత్త వీధి అరుగు మీద కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. “నాకెనిమిదేళ్ళప్పుడు పోనాది మాయమ్మ,” అంది. “పొటో నేదు. ఆవిడ కట్టిన కోకొక్కటీ నేదు. పాటొక్కటుండీది. పోనీలే, నానే పంచీసినాను కదా.” ఆ పోనీలే నాకు గుచ్చుకుంది.

మర్నాడు ప్రయోగశాలలో సాల్మన్ రాజు అత్త కొలతలన్నీ తెర మీద పెట్టి చూశాడు. అతనిది అమలాపురం వైపు. ఎంత చేదు సంగతైనా అండీలు చేర్చి చెబుతాడు.

“జ్ఞాపకం తలుచుకున్నప్పుడల్లా కాస్త మెత్తబడి, మళ్ళీ గట్టిపడుద్దండి. మన గవ్వ అది మెత్తగా ఉన్నప్పుడే పాటను లాగుతుందండి. ఒకటి రెండుసార్లయితే ఏం కాదు. మూడొందల సార్లంటే అరిగిపోద్దండి మరి.”

“మళ్ళీ పాడి నేర్పితే?”

“పాటొస్తదండి. ఆవిడ వాళ్ళమ్మగారు రారు.”

నాలుగేళ్ళ పని. “పరీక్ష ఆపేస్తున్నామని రాసేయండి,” అన్నాను. అతను రాశాడు. పంపించే ముందు ఒకసారి నా మొహంలోకి చూశాడు గానీ, నేను తల తిప్పుకున్నాను.

బుధవారం గవ్వలు వెనక్కి తీసుకోవడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. భోజనాల వేళ. యంత్రం ఆగి ఉంది. లోపల అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయాను. అత్త చెవి వెనక తెల్లదారం. పోలమ్మకు ఎర్రదారం. ఎర్రమ్మ తన గవ్వ ఊడదీసి వెనక వరస ఆమెకు ఇస్తోంది. మిగతావాళ్ళంతా అత్త ముందు వంతులు వేసుకుని కూర్చున్నారు.

“ఏం చేస్తున్నారు మీరు?” అన్నాను. “మార్చుకోకూడదని సంతకాలు పెట్టారు కదా.”

నీలవేణి లేచి నిలబడింది. సన్నగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండే మనిషి. అప్పుడు నవ్వడం లేదు.

“ఎట్టినాం తల్లీ. కాదన్నేదు. గానీ నలబై రోజులు ఆవిడ గిన్నిలో కూర తిన్నాం. ఇప్పుడు ఆవిడి ఇంట్లో పొయ్యి ఆరిపోతే ఖాళీ గిన్ని ఎలగిచ్చీమంటావు? అందుకే ఎర్రగవ్వ ఒకలి తర్వాత ఒకలం ఎట్టుకుని, ఆవిడ పాట ఆవిడికి ఇచ్చేస్తన్నాం. నిన్నటి నుండి.”

నేను అత్త వైపు తిరిగాను. కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

“వస్తందే,” అంది. “మాయమ్మే. గానీ ఎనకాల నీలవేణోళ్ళ మేక అరస్తంది. పోలమ్మ దగ్గిరి నుంచి వొచ్చిన దాన్లో ఇంగువ వాసన. ఉండనీ. బాగానే ఉంది.”

గోనెసంచి మీద కూర్చుని, అత్త కొలతలు తీసి సాల్మన్ రాజుకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

“నిండుతుందండి,” అన్నాడు. “అరిగిన చోటే నిండుతుందండి. ఇచ్చినవాళ్ళకు ఒక్కొక్కసారే కాబట్టి ఏమీ తగ్గలేదు. మనం ఒకవైపే పెట్టాం చూడండీ, అదే మన తప్పండి.”

ఆ తప్పు నాదే. మనుషులు పుచ్చుకున్నది తిరిగి ఇవ్వకుండా ఉండలేరన్న సంగతి, బెల్లంముక్కలు మోసి కూడా నా బుర్రకెక్కలేదు.

ఇంతలో అత్త లేచింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆమె ఎత్తుకుంది.

అడుగేసి అడుగేసి ఏరు దాటుదుము కూన. ఈసారి ఎక్కం కాదు, పాటే. నలభై గొంతులు కలిశాయి. మోకాళ్ళ నీరాయె, మొలబంటి నీరాయె. మొయిలు దిగివచ్చింది. అక్కడ అందరూ ఒక్కసారే ఆగిపోయారు. అత్త చెయ్యి గాలిలో ఉండిపోయింది.

“తర్వాతేటి?” అంది. ఒక్కొక్కరి మొహం చూసింది. “ఎవులి దగ్గిరుంది? నడేట్లో నిలబడిపోనాను.”

ఎవరి దగ్గరా లేదు. ఒక్క నిమిషంలో అంతవరకే పోతుంది. చివరి చరణం అత్త నుంచి ఒక్కసారే బయటికి వచ్చింది, ఆ వంటింట్లో. రోజూ పాడేది కాబట్టి మొదటి చరణం నిలదొక్కుకుంది గానీ, కొబ్బరిచిప్పంత మొరటు నమూనా దీన్ని వేళ్ళతో సహా పెకలించి నాకు ఇచ్చేసింది. పనిచోట అత్త పాడేది మొదటి చరణమే కాబట్టి అది పోయినట్టు ఆమెకే తెలియలేదు.

నేను బయటికొచ్చి సాల్మన్ రాజుకు అంతా చెప్పాను. సంచిలో వేసుకొచ్చిన సంగతి కూడా. అతను తిట్టలేదు.

“ఇవ్వాలంటే ఇవాళేనండి. మొదటి ముక్క ఇప్పుడే అతుక్కుంటోంది. గట్టిపడ్డాక చివరిది అతకదు. వేళ్ళతో ఊడిందాన్ని వేళ్ళతోనే నాటాలి, కొత్త గవ్వకు అంత బలం లేదు కాబట్టి ఆ పాతదే వాడాలి. కానీ మాణిక్యం గారూ, ఆవిడకెలా ఊడిందో మీకూ అలాగే ఊడుద్దండి. మొత్తం.”

“తెలుసు.”

“పోనీ రాసిపెట్టుకోండి.”

“రాసుకునేది కాదది,” అని ఫోన్ పెట్టేశాను.

నమూనా ఇంట్లో నా చీరల కింద ఉంది. తెచ్చుకుని తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడింది. గూడ్సు వెళుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, అక్కడ నిలబడితే నాకు ఇవ్వాలనిపించలేదు. నమూనా పాడైపోయిందంటే నమ్మని వాళ్ళు ఎవరూ లేరు. అత్తకు అమ్మ ఎనిమిదేళ్ళు ఉంది, నాకు ఈ ఒక్క చరణమే కదా అని నాలో నేనే వాదించుకున్నాను. పెట్టెలు పోతూనే ఉన్నాయి. పాటను మొదటి నుంచి చివరిదాకా, తొందరపడకుండా ఒకసారి తలుచుకున్నాను. ఆ బొంగురు గొంతు, ఆ తడిచీర, చెంప కింద ఆ భుజం. గేటు లేచింది. నడిచాను.

“అత్తా,” అన్నాను, అందరి ముందూ. “చివరి చరణం నా దగ్గరుంది. నీ దగ్గర నుంచి తీసుకుని తిరిగివ్వలేదు.”

అత్త చెయ్యి చాపింది. చిప్ప చెవి వెనక కట్టించుకుని, ఒకసారి తట్టి కూర్చుంది. నేను రెండుసార్లు తట్టాను.

చరణం వెళ్ళిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. ముందు వాసన, తర్వాత భుజం, చివరికి గొంతు. ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ తగల్లేదు. మాటలు కూడా లేవు.

అత్త లేచి నిలబడింది.

అప్పారావుకు స్విచ్ వేసే వేళ దాటిపోయింది. వేయలేదు. మేనేజరు గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. మా అత్త మొదటి నుంచి ఎత్తుకుంది. మోకాళ్ళ నీరు దాటింది, మొలబంటి నీరు దాటింది. మొయిలు దిగివచ్చిన చోట ఒక్క ఊపిరి తీసుకుంది.

పీకలోతైతేను ఏటైతదే కూన!

రేకుల కప్పు అదిరింది. ముప్ఫై ఏళ్ళలో అక్కడివాళ్ళు ఆ చరణం వినడం అదే మొదలు. రెండోసారి పాడేసరికి అందరికీ వచ్చేసింది. మూడోసారికి పోలమ్మా ఎర్రమ్మా లేచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అడుగులు వేశారు. అత్త ఏడుస్తోంది, నవ్వుతోంది, పాడుతోంది. ఏరు దాటేసింది. అద్దరికి చేరిపోయింది. నా పరికరం చేసిన అన్యాయాన్ని నా పరికరమే సరిదిద్దింది, దారి చూపించింది మాత్రం వాళ్ళు. నాకంత సంతోషం ఎన్నడూ కలగలేదు. అంత వెలితి కూడా.

అత్త కంట అది పడింది. పాట ఆపి నా దగ్గరికి వచ్చింది.

“నీకు పోనాదేటే?”

“పోయిందత్తా.”

“మొత్తం?”

తలూపాను. ఆమె ఆముదం చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ జీడి మరకలు ఎలాగూ పోవు. నా తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. నేను ఆమెకన్నా జానెడు పొడుగు, అందుకని బాగా వంగాల్సి వచ్చింది. గవ్వా లేదు, చిప్పా లేదు. నా చెవిలో నోటితోనే పాడింది.

“నా బుజము ఉన్నంత నీకేటి లోతు.” పాడి, నా వీపు మీద ఒకటి చరిచింది. “ఖాళీ గిన్ని ఇచ్చీదాన్లాగున్నానేటే నీకు?”

ఆ సాయంత్రం సాల్మన్ రాజు పరీక్ష ఆపేస్తున్నామన్న ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నాడు. మా నివేదికలో నలభై మంది పేర్లూ పరిశోధకుల వరసలోనే వేయించాం. నమూనాను సంచిలో వేసుకెళ్ళినందుకు నాకు మూడు నెలలు ప్రయోగశాల గుమ్మం మూసేశారు, అది న్యాయమే. ఇప్పుడు గవ్వలు రైళ్ళలో, బస్సుల్లో, మిల్లుల్లో ఎక్కడ చూసినా ఉన్నాయి. ఇవ్వడానికొకటి, పుచ్చుకోవడానికొకటి అన్న తేడా లేదు. పుచ్చుకున్న పాట తిరిగి ఇచ్చేదాకా గవ్వ మీద సన్నని దీపం వెలుగుతూనే ఉంటుంది. సాల్మన్ రాజు దానికి పొడుగాటి శాస్త్రీయ నామం పెట్టాడు. పలాసలో గిన్నె దీపం అంటారు.

సోమవారం రైల్లో నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను. ఎదుటి సీటువాళ్ళు చెవి వైపు చూపించి, ఏం వింటున్నారమ్మా అని అడుగుతారు. రెండుసార్లు తట్టి ఇస్తాను. వాళ్ళకు ముందు ఆముదం వాసన వస్తుంది, జీడి మరకల చెయ్యి తగులుతుంది, వెనకాల ఎక్కడో, అత్త చెప్పగా నా తలపులో చేరిన నీలవేణి వాళ్ళ మేక అరుస్తుంది. తర్వాత గొంతు. ఎవరిదండీ ఇంత కమ్మగా ఉంది అంటారు.

మా అత్తదండీ, అంటాను.